అండమాన్ షీటులో ఐదో రోజు

మా ఆఫీసులో కొందరికి నా పేరు చెబితే గుర్తొచ్చేది నేను రాసిన కోడ్ కాదు, ఒక ఎక్సెల్ షీటు. మొన్న ఫిబ్రవరిలో అమ్మని తీసుకుని అండమాన్ వెళ్లొచ్చా. వెళ్లే ముందు రెండు వారాలు కూర్చుని ఏ రోజు ఏ దీవి, ఏ పూట ఏ పడవ, ఎక్కడ ఏం చూడాలి అని గళ్లు గళ్లుగా రాసుకున్నా. తిరిగొచ్చాక దాన్ని ఒక ఫ్రెండ్‌కి పంపితే వాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు వాళ్ల టీమ్ గ్రూపులో... ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా "బ్రో, ఆ అండమాన్ షీటు ఉందా?" అని పింగ్ చేస్తున్నారు.

పంపుతూనే ఉన్నా. కానీ పంపిన ప్రతిసారీ ఐదో రోజు గడి దగ్గర వేలు ఆగుతోంది. ఈ వారం కాలమ్ ఆ గడి గురించే. అయితే మిగతా నాలుగు రోజులూ చెప్పకుండా నేరుగా అక్కడికి వెళ్తే, నాకెందుకంత ఇబ్బందిగా ఉందో మీకు అర్థం కాదు. కాబట్టి వరసలోనే వెళ్దాం.

అండమాన్‌లో గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. మన దేశపు టైముకి కొలమానమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్క నుంచి వెళ్తుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు లెక్కేసుకోండి. హైదరాబాద్‌తో పోలిస్తే దాదాపు గంట ముందే తెల్లారిపోతుంది, గంట ముందే పొద్దుగుంకుతుంది. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నర కాకముందే సూర్యుడు మునిగిపోయాడు. "ఇదేట్రా నానా, టీ తాగే వేళకే చీకటడిపోయింది" అంది అమ్మ. హోటల్ వాడు పొద్దున్నే ఐదింటికి తలుపు కొడితే తిట్టుకోకండి. ఇంట్లో లేచినట్టు తొమ్మిదికి లేచారా, సగం రోజు అయిపోయినట్టే. నా షీటు మొదటి వెర్షన్‌లో ఉన్న పెద్ద బగ్ ఇదే. సూర్యాస్తమయాలన్నీ ఆరున్నరకి పెట్టుకున్నా.

పోర్ట్ బ్లెయిర్ పేరుని 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. హేవ్‌లాక్, నీల్ దీవులు 2018 చివర్లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయిపోయాయి. టికెట్ల మీద కొత్త పేర్లు, నోళ్లలో పాత పేర్లు. నేను ఇక్కడ నోళ్ల వైపే ఉంటున్నా. బుకింగ్ చేసేటప్పుడు మాత్రం రెండూ గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, మధ్యాహ్నం చిడియా టాపు వెళ్లాం. ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్లు. అడవి సరిగ్గా సముద్రం అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. సూర్యాస్తమయం బావుంది, అంతకన్నా ఎక్కువ చెప్పను. ఆ సాయంత్రం నాకు గుర్తున్నది చేపల మార్కెట్. అమ్మది శ్రీకాకుళం వైపు ఊరు, చేప కనిపిస్తే కాళ్లు వాటంతటవే అటు తిరుగుతాయి. ఒక గంప ముందు నిలబడి "కోనేం ఎంతమ్మా?" అని నోరు జారింది. అవతలి నుంచి "ఏ ఊరమ్మా మీది?" అని జవాబు. ఇక నేను అరగంట పక్కన నిలబడ్డా. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకీ, కూలికీ తరాల నుంచి అక్కడికి వెళ్లినవాళ్లున్నారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 13 శాతం. విశాఖ నుంచి ఓడలో వెళ్తే రెండు రోజుల పైనే పడుతుంది. ఆవిడ వాళ్ల నాన్న అలాగే వచ్చాడట.

రెండో రోజు హేవ్‌లాక్. మీరు రీల్స్‌లో చూసిన అండమాన్‌లో ముప్పాతిక వంతు ఈ ఒక్క దీవే. దీనికి పడమర ఒడ్డున ఉన్న రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది, అప్పట్నుంచి ఆ పేరు వదల్లేదు. వెళ్లే ముందు 'అంత లేదులే' అనుకున్నా. ఉంది. అయితే ఫొటోల్లో కనిపించే నీళ్ల వల్ల కాదు, ఇసక వెనకాల నిలబడ్డ చెట్ల వల్ల. సీ మహువా అంటారు, ఐదారంతస్తుల అపార్ట్‌మెంట్ అంత ఎత్తు. మన బీచ్‌లంటే ఇసక దాటగానే బజ్జీల బండి, దాని వెనక రోడ్డు కదా. ఇక్కడ ఇసక దాటగానే నిజమైన అడవి. నీళ్లలో నుంచి ఒడ్డుకి తిరిగి చూస్తే ఆ చెట్ల గోడ తప్ప ఇంకేమీ కనపడదు. అందరూ సముద్రం వైపు తిరిగి సెల్ఫీ తీసుకుంటారు. మీరు ఒకసారి నడుములోతు నీళ్లలో నిలబడి వెనక్కి చూడండి.

ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయని బోర్డులు కనిపిస్తాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. 2010లో ఇదే బీచ్ పక్కన ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. లైఫ్‌గార్డు ఊదిన విజిల్‌కి విలువివ్వండి.

మూడో రోజు ఎలిఫెంట్ బీచ్. పేరు ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు కలప దుంగలు లాగడానికి ఇక్కడికి ఏనుగుల్ని తెచ్చారు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వాటిని ఈదించి తీసుకెళ్లేవాళ్లు. వాటిలో రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదుతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. 2016లో చనిపోయింది. ఇప్పుడు అక్కడ ఏనుగుల్లేవు, స్నార్కెలింగ్ చేసేవాళ్లున్నారు. పడవలో అయినా వెళ్లొచ్చు, అడవిలో నడిచి అయినా వెళ్లొచ్చు. మేం నడిచే వెళ్లాం. సగం దారిలో ఫోన్‌కి సిగ్నల్ పోయింది. ఆన్‌కాల్ వారం కాకపోయినా ఒక్క క్షణం గుండె జారింది, అలవాటు అలాంటిది. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ఈ దీవులకు మొదలుపెట్టారు. అంతకుముందు అంతా శాటిలైట్ మీదే. ఇప్పుడు ఊళ్లలో నెట్ పర్లేదు. ఊరు దాటితే ఫోన్ కెమెరా మాత్రమే.

ఇప్పుడు పగడాల సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతా, ఎందుకంటే నీళ్లలో తల పెట్టేదాకా నాకూ ఇది తెలియదు.

మొదటి నిమిషం నిరాశే. రీల్స్‌లో ఎర్రగా, ఊదాగా మెరిసే పగడాలు నాకు కనపడలేదు. అంతా నీలం, ఆకుపచ్చ, గోధుమరంగు. తప్పు సముద్రానిది కాదు. నీళ్లు ఎరుపు రంగుని ముందు మింగేస్తాయి, నాలుగైదు మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు ఉండదు. వీడియో తీసినవాళ్లు లైటు వేసి తీస్తారు, లేదా తర్వాత ఎడిటింగులో రంగు కలుపుతారు. కళ్లు అలవాటు పడటానికి పది నిమిషాలు ఇవ్వండి. అప్పుడు గోధుమరంగులోనే ఇరవై రకాలు కనిపిస్తాయి. ఒకటి జింక కొమ్ములా, ఒకటి మెదడులా, ఒకటి తిరగేసిన గొడుగులా.

పగడం అంటే రాయి అనుకుంటాం. రాయి కాదు, చెట్టూ కాదు. గోరంత కూడా ఉండని జీవులు వేలకు వేలు పక్కపక్కన చేరి, తమ కింద సున్నంతో గూడు కట్టుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో ఇంకా చిన్న నాచు ఉంటుంది. అది ఎండతో తిండి తయారుచేసి పగడానికి పెడుతుంది, రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు మామూలు వేసవి కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. పగడం నాచుని బయటికి నెట్టేస్తుంది, తెల్లగా అయిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేదంటే చస్తుంది. అండమాన్‌లో 2010 వేసవిలో ఇలా పెద్ద ఎత్తున జరిగింది, 2016లో మళ్లీ. ఎలిఫెంట్ బీచ్ దగ్గర నేను చూసినదాంట్లో కొంత బతికిన పగడం, చాలావరకు నాచు పట్టిన పాత గూళ్లు. వాటి మధ్యే చిలక చేపలు కొరుకుతూ తిరుగుతున్నాయి. పగడాన్ని కొరికి, పిండి చేసి, ఇసకగా వదులుతాయవి. మనం కాళ్లు చాపుకుని ఫొటో దిగే తెల్ల ఇసకలో కొంత వాటి కడుపులోంచి వచ్చిందే. అమ్మకి ఈ సంగతి చెప్తే ఆ పూట ఇసకలో కూర్చోలేదు.

గుండ్రంగా బండలా ఉండే పగడం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే అర మీటరు ఎత్తున్నది మా అమ్మ వయసుది. లైఫ్ జాకెట్ వేసుకుని, అలసిపోయి, 'కాసేపు నిలబడదాం' అని కాలు పెట్టేది సరిగ్గా దాని మీదే. నా కాలు కూడా ఒకసారి తగిలింది. గైడు అరిచాడు. మంచి గైడు అంటే అలా అరిచేవాడే. పగడం మీద నిలబెట్టి మీకు వీడియో తీసేవాడు కాదు.

నాలుగో రోజు నీల్ దీవి. అక్కడ సముద్రం ఒడ్డున రాతితో ఒక సహజమైన వంతెన ఉంది. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డవాళ్లు దానికి హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు. నవ్వొచ్చింది కానీ, ఇల్లు వదిలి వచ్చినవాళ్లు ఇంటి పేరు దేనికో ఒకదానికి పెట్టుకోవాలి కదా. ఆ వంతెన పాత పగడపు రాయే. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్నది పైకి లేచి, అలలు కోసేసి, మధ్యలో కన్నం పడి వంతెనయింది.

దాన్ని పాటు వేళలోనే చూడాలి. ఈ మాట ఏ ప్యాకేజీ బ్రోచర్‌లోనూ పెద్దక్షరాల్లో ఉండదు. మన మత్స్యకారులు పోటు, పాటు అంటారే, నీళ్లు ఎక్కడం, తీయడం, అది అక్కడ రోజుకి రెండేసి సార్లు జరుగుతుంది, రోజు రోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. ప్యాకేజీ వాళ్ల టైము మాత్రం జరగదు, ఎప్పుడూ పదింటికే. పోటు మీద వెళ్తే వంతెన దాకా నడవలేరు. పాటు మీద వెళ్తే, నీళ్లు తీసిన రాళ్ల మధ్య గుంటల్లో ఒక చిన్న ఊరే కనిపిస్తుంది. పీతలు, బుల్లి చేపలు, నోరు తెరిచిన ఆల్చిప్పలు, నల్లటి సముద్ర దోసకాయలు. ఒక గైడు ఆ దోసకాయని తీసి పిల్లల చేతుల్లో పెడుతున్నాడు, పిల్లలు కేకలు, తల్లిదండ్రులు వీడియోలు. అది దోసకాయ కాదు, ప్రాణి. 2001 నుంచి వన్యప్రాణి చట్టంలో పులికి ఉన్న షెడ్యూల్‌లోనే ఉంది. ఆ మాట నేను అక్కడ అనలేదు. అనాల్సింది. పక్కనుంచి నడిచి వచ్చేశా.

సాయంత్రం బీచ్‌లో అమ్మ ఒక గవ్వ ఏరింది. చక్కగా, మెలికలు తిరిగి, చేతిలో పట్టేంతది. ఇంట్లో దేవుడి గూట్లో పెడతానంది. అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే లోపల్నుంచి ఆరు కాళ్లొచ్చాయి. అమ్మ కెవ్వుమని వదిలేసింది. సన్యాసి పీత. దానికి సొంత గుల్ల ఉండదు. ఏ నత్తో చచ్చి వదిలేసిన గుల్లలో దూరి బతుకుతుంది, ఒళ్లు పెరిగితే ఇంకాస్త పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. అద్దె ఇల్లు మారినట్టే, కాకపోతే బ్రోకర్ లేడు. ఆ రోజు ఇసకలో వందలకొద్దీ తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి నీలం రంగు సీసా మూత మోసుకుని పోతోంది.

అమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత పొద్దున ఏరి బ్యాగులో వేసుకున్న ఖాళీ గవ్వలు నాలుగు తీసి దాని ముందు పెట్టింది. అది ఒకదాన్ని కాలితో తడిమింది, పక్కకి వెళ్లిపోయింది. పది నిమిషాలు కూర్చున్నాం, మూత వదల్లేదు. "అలవాటైపోయినట్టుంది" అంది అమ్మ. గవ్వలు అక్కడే వదిలేసి వచ్చాం. ఎలాగూ అక్కడి నుంచి పగడాలు, గవ్వలు తీసుకెళ్లడానికి వీల్లేదు, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు చూసి తీయించేస్తారు.

ఇక ఐదో రోజు.

షీటులో ఆ రోజు ఎదురుగా 'బారాటాంగ్ - సున్నపురాయి గుహలు, మడ అడవి, బురద అగ్నిపర్వతం' అని ఉంది. అండమాన్ గురించి ఏ జాబితా తెరిచినా మొదటి ఐదింటిలో ఉండేదే. వెళ్లాలంటే తెల్లారకముందే బయల్దేరి జిర్కాటాంగ్ అనే చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడాలి. అక్కడి నుంచి బండ్లన్నీ ఒక గుంపుగా, ముందూ వెనకా పోలీసులతో, అడవి రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్లు వెళ్లాలి. ఆగకూడదు, అద్దం దించకూడదు, ఫొటో తీయకూడదు, 40 కిలోమీటర్ల స్పీడు దాటకూడదు. ఎందుకంటే ఆ అడవి జరావా అనే ఆదివాసుల ఇల్లు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న రిజర్వు, అందులో కొన్ని వందలమంది మనుషులు. వేల ఏళ్లుగా అక్కడ వేటాడుకుని, తేనె తీసుకుని బతుకుతున్నవాళ్లు. 1990ల చివర్లో గానీ బయటివాళ్లతో కలవడం మొదలుపెట్టలేదు. కలిసిన కొద్దిరోజులకే, 1999లో, తట్టు సోకింది. మనకి చిన్నప్పుడు టీకాతో పోయే జబ్బు.

వెళ్లే ముందు ఇవన్నీ నాకు తెలియవా అంటే, తెలుసు. నియమాలు పాటిస్తాం కదా, పోలీసులు ఉంటారు కదా, ప్రభుత్వమే పంపుతోంది కదా అనుకున్నా. 'గుహలు చూడాలిరా' అని అమ్మ కూడా ముచ్చటపడింది.

ముందు బారాటాంగ్ ఎలా ఉందో నిజాయితీగా చెప్తా. రోడ్డు అయిపోయాక బండితో సహా ఒక పంటు ఎక్కి పాయ దాటాలి. ఆ తర్వాత చిన్న స్పీడు బోటు. మొదట వెడల్పాటి నీళ్లు, తర్వాత మడ చెట్లు రెండు వైపుల నుంచి మూసుకుంటూ వస్తాయి, చివరికి పడవ పట్టేంత సందు. తల మీద కొమ్మలు, పక్కన సాలెగూడులా అల్లుకున్న వేళ్లు. మోటారు తగ్గించాక వినిపించే నిశ్శబ్దం ఉంది చూడండి, ఆ మొత్తం ట్రిప్పులో నాకు బాగా నచ్చిన ఐదు నిమిషాలవి. దిగాక కిలోమీటరు పైన నడక. గుహ లోపల చీకటి, గైడు టార్చి వేసి ఇక్కడ వినాయకుడు, అక్కడ కమలం అని చూపిస్తాడు. పైనుంచి చుక్క చుక్కగా దిగే నీళ్లు సున్నాన్ని వదులుతూ కట్టిన ఆకారాలు. ఆ సున్నపురాయి కూడా ఎప్పటిదో సముద్రపు జీవులు కట్టిన గూళ్లే. నీల్‌లో వంతెన, రాధానగర్‌లో ఇసక, ఇక్కడ గుహ, అమ్మ వదిలేసిన గవ్వ, అన్నీ ఒకే సరుకు.

బురద అగ్నిపర్వతం అంటే పేరు చూసి లావా ఊహించుకోకండి. భూమిలోపలి గ్యాసు చల్లటి బురదని పైకి నెడుతుంది, అప్పుడప్పుడూ బుడగ పగులుతుంది. మా ఊళ్లో బోరు వేసిన మర్నాడు ఇలాగే ఉంటుంది. నిజం అగ్నిపర్వతం కావాలంటే బారెన్ ఐలాండ్ ఉంది, దేశంలో ఇప్పటికీ రగులుతున్నది అదొక్కటే. 150 ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. దాని మీద కాలు పెట్టనివ్వరు.

సమస్య గుహలో లేదు, బండిలో ఉంది. మాది ఇరవై సీట్ల టెంపో. పొద్దున వెళ్లేటప్పుడు అందరికీ నిద్ర. తిరిగొచ్చేటప్పుడు అందరూ లేచి ఉన్నారు. డ్రైవర్ పక్కన కూర్చున్న కుర్రాడు "లక్ ఉంటే కనిపిస్తారు" అన్నాడు. అంతే. అప్పటిదాకా చెట్ల పేర్లు అడిగినవాళ్లు, ముందు సీట్లో నాలాంటి ఐటీ జంట, వెనక పెద్దాయన, నేను, అందరం కిటికీలకి అతుక్కుపోయాం. ఒకరు ఫోన్ ఒళ్లో పెట్టి కెమెరా తెరిచే ఉంచారు. ఎవరి కోసం చూస్తున్నాం? నల్లమలలో పులి కోసం చూసినట్టు, మనుషుల కోసం. నేను కూడా. అది ఒప్పుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

ఎవరైనా కనిపించారా లేదా అన్నది ఇక్కడ రాయను. అది చెప్తే ఈ కాలమ్ కూడా ఆ కిటికీయే అవుతుంది.

అమ్మ కిటికీ సీటులో ఉంది. కాసేపటికి కర్టెన్ లాగేసింది. "చెట్లు చూడవా?" అన్నా. "మన వీధిలోంచి రోజూ బస్సులేసుకుని ఎవరో మన వంటింట్లోకి తొంగి చూస్తూ పోతే నువ్వేం చేస్తావు?" అంది. నేనేం మాట్లాడలేదు. కాసేపాగి తనే, "గుహలు బానే ఉన్నాయి గానీ" అంది. ఆ 'గానీ' తర్వాత ఏమీ అనలేదు.

హోటల్‌కి వచ్చాక చదివా. ఆ రోడ్డుని రిజర్వు లోపల మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మూయలేదు. 2012లో జరావా ఆడవాళ్లని తిండి చూపించి డాన్సు చేయిస్తున్న వీడియో బయటికొచ్చి పెద్ద గొడవైంది. 2013 జనవరిలో కోర్టు టూరిస్టుల బండ్లు ఆపేసింది, మార్చిలో మళ్లీ దారి తెరుచుకుంది. ఉత్తరాన ఉన్న దీవుల జనానికి ఆస్పత్రికీ, సరుకులకీ ఆ రోడ్డే దారి, వాళ్ల అవసరం నిజమైనది. దాన్ని నేను కాదనను. కానీ నా గుహ ముచ్చట వాళ్ల ఆస్పత్రి అవసరం లాంటిది కాదు కదా. పొద్దున ఆ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడ్డ బండ్లలో ఆస్పత్రికి వెళ్తున్నవి ఎన్నో, నాలాంటివి ఎన్నో చూసినవాడిని.

ఆరో రోజు మధ్యాహ్నం ఫ్లైటు. ఖాళీగా ఉన్న పొద్దుటి పూట మౌంట్ హారియట్ వెళ్లాం, ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్నారు. ఛాథమ్ నుంచి పడవలో అవతలి ఒడ్డుకి వెళ్లి, అక్కడి నుంచి కొండ పైకి. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌస్ ఉండేవి గుర్తుందా? ఆ బొమ్మ ఈ కొండ దారిలోంచి కనిపించేదే. పర్సులో ఒక పాత నోటు ఉంటే తీసి పట్టుకుని చూశా, చాలావరకు సరిపోయింది. చుట్టూ అడవి, పేరు తెలియని పిట్టల గోల, జనం తక్కువ. షీటులో దీనికి నేనిచ్చింది 'టైముంటే' అనే మాట మాత్రమే.

కాబట్టి షీటులో ఇప్పుడు మార్పులు చేశా. సూర్యాస్తమయం టైములు సరిచేశా. నీల్ ఎదురుగా 'ముందు పాటు టైము చూసుకో' అని ఎర్రగా రాశా. హేవ్‌లాక్‌లో అమావాస్యకి దగ్గరగా ఒక రాత్రి ఉండేలా చూసుకోమని చేర్చా. చీకట్లో మడ చెట్ల మధ్య కయాక్‌లో తెడ్డు వేస్తే నీళ్లలోని సూక్ష్మజీవులు నీలంగా మెరుస్తాయి, పున్నమి వెన్నెల్లో అది కనపడదు. ఐదో రోజు గడిలో బారాటాంగ్ కొట్టేసి మౌంట్ హారియట్ పెట్టా, రోజంతా. అడవిలో నడక దారి కూడా ఉంది. ఇంకా ఉత్తరానికి, లాంగ్ ఐలాండ్‌కో డిగ్లీపూర్‌కో వెళ్లాలనుంటే ప్రభుత్వ ఓడలున్నాయి. టైము ఎక్కువ పడుతుంది, టికెట్ల కోసం తిరగాలి, కానీ ఎవరి ఇంట్లోంచీ వెళ్లక్కర్లేదు.

మొన్న సోమవారం కొత్త షీటు పంపితే, ఒక జూనియర్ వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నా, ఐదో రోజు గుహలు తీసేశావేంటి? అందరి లిస్టులోనూ ఉన్నాయిగా."

కారణం చెప్పా. విన్నాడు.

"అయితే గుహలు మిస్ అయినట్టేనా?"

"అయినట్టే" అన్నా. "సున్నపురాయి గుహలే కావాలంటే మన బొర్రా ఉంది, ఇంకా పెద్దది. విశాఖలో అరకు రైలెక్కు."

"బొర్రా చూశానన్నా, స్కూల్ టూర్‌లో" అన్నాడు. కాసేపు అటు నుంచి కీబోర్డు చప్పుడు. "సరే, ఆ పాటు టైములు ఎక్కడ చూడాలో లింకు పెట్టు."